ఛాంపియన్స్ లీగ్ ఫైనల్: బంతి ఒక్కటే చూడకుండా ఆటంతా చూడటం ఎలా

మన దగ్గర ఫుట్‌బాల్‌ని అప్పుడప్పుడూ చూసేవాళ్లు టీవీ ముందు కూర్చునేది ఎక్కువగా రెండు సందర్భాల్లోనే. ఒకటి ప్రపంచ కప్, రెండోది ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. కూర్చుంటారు, అరుస్తారు, కానీ కళ్లు మాత్రం బంతిని వదలవు. గోల్ పడగానే "అరె, వాడక్కడ ఖాళీగా ఎలా ఉన్నాడు?" అంటారు. వాడు ఖాళీగా ఉండటానికి కారణం అంతకు పది సెకన్ల ముందు, బంతికి ముప్పై గజాల దూరంలో జరిగి ఉంటుంది. ఆ పది సెకన్లను పట్టుకోవడం నేర్చుకుంటే ఫైనల్ మొత్తం వేరే ఆటలా కనిపిస్తుంది.

ఇది కోచ్‌ల పాఠం కాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో, కార్నర్ ఎప్పుడిస్తారో తెలిస్తే చాలు. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి.

1. ముందుగా, ఇది ఏ ఫైనల్?

యూరప్‌లోని క్లబ్బులన్నింటిలో ఎవరు గొప్పో తేల్చే పోటీ ఇది. 1955లో ఫ్రెంచ్ పత్రిక లెకిప్ సంపాదకుడు గాబ్రియేల్ హానో పట్టుదలతో మొదలైంది. మొదటి ఫైనల్ 1956 జూన్‌లో పారిస్‌లో జరిగింది. రియల్ మాడ్రిడ్ 4-3తో రాన్స్ జట్టును ఓడించింది. (అదే ఏడాది చివర్లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన భారత జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. "ఫుట్‌బాల్‌తో మనకేం సంబంధం" అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.) 1992లో పేరు ఛాంపియన్స్ లీగ్‌గా మారింది. 2025 వరకు చూస్తే రియల్ మాడ్రిడ్ 15 సార్లు గెలిచింది. ఆ తర్వాతి స్థానంలో ఉన్న మిలాన్‌వి 7.

2024-25 నుంచి 36 జట్లు ఒకే పట్టికలో ఉంటాయి. ఒక్కో జట్టు ఎనిమిది వేర్వేరు ప్రత్యర్థులతో ఆడుతుంది. పై ఎనిమిది జట్లు నేరుగా ప్రీక్వార్టర్స్‌కి వెళ్తాయి, 9 నుంచి 24 వరకు ఉన్నవి ప్లేఆఫ్ ఆడతాయి. అక్కడి నుంచి ప్రతి పోరూ రెండు మ్యాచ్‌లే, ఒకటి సొంత మైదానంలో, ఒకటి అవతలివాళ్ల దగ్గర. ఫైనల్ ఒక్కటే ఒకే మ్యాచ్, ముందే నిర్ణయించిన ఊళ్లో. ఇది గుర్తుంచుకోండి. సెమీఫైనల్లో ఒక తప్పు చేస్తే వారం తర్వాత దిద్దుకోవచ్చు. ఫైనల్లో ఆ అవకాశం లేదు కాబట్టి, అప్పటిదాకా ధైర్యంగా ఆడిన జట్లు కూడా ఒక్కోసారి బిగుసుకుపోతాయి.

2. వారం ముందు: ఎవరు ఆడటం లేదు?

ఎవరు ఆడతారన్నది పేపర్లే రాస్తాయి. మీరు వెతకాల్సింది ఎవరు ఆడటం లేదన్నది.

ఒకప్పుడు పసుపు కార్డులు (కొన్ని జమైతే తర్వాతి మ్యాచ్ ఆడనివ్వరు) ఫైనల్‌ని దారుణంగా దెబ్బతీసేవి. 1999 సెమీఫైనల్లో కార్డు పడి మాంచెస్టర్ యునైటెడ్ మిడ్‌ఫీల్డ్‌లోని ఇద్దరు ముఖ్యులు, రాయ్ కీన్, పాల్ స్కోల్స్, ఫైనల్‌కి దూరమయ్యారు. 2003లో యువెంటస్ ఆటగాడు పావెల్ నెద్వెద్‌ది అదే గతి. సెమీస్ గెలిచిన రాత్రే మైదానంలో ఏడ్చేశాడు. ఇప్పుడు క్వార్టర్‌ఫైనల్స్ అయ్యాక పసుపు కార్డుల లెక్క చెరిపేస్తారు. అందుకని సెమీస్‌లో ఎర్ర కార్డు తింటే తప్ప ఫైనల్ పోయే ప్రమాదం దాదాపు లేదు.

గాయాల సంగతి వేరు. "కోలుకున్నాడు, ఆడతాడు" అన్న వార్త వస్తే సంబరపడకండి, అనుమానపడండి. 2014లో అట్లెటికో మాడ్రిడ్ తన గోల్స్ యంత్రం దియెగో కోస్తాను గాయంతోనే దించింది. తొమ్మిది నిమిషాలకే బయటికొచ్చాడు, ఒక సబ్‌స్టిట్యూషన్ వృథా. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఆ జట్టు కాళ్లు ఈడ్చుకుంటూ ఆడినప్పుడు ఆ వృథా విలువ తెలిసింది. 2019లో టోటెన్‌హామ్ దాదాపు రెండు నెలలు ఆటకు దూరమైన హ్యారీ కేన్‌ను మొదటి నుంచీ ఆడించి, సెమీస్‌లో మూడు గోల్స్ కొట్టిన లూకాస్ మౌరాను బెంచి మీద కూర్చోబెట్టింది. లివర్‌పూల్ చేతిలో 0-2తో ఓడింది. పేరు చూసి కోచ్‌లు కూడా మొహమాటపడతారు.

3. గంట ముందు: కాగితం తీయండి

మ్యాచ్‌కి గంటకు పైగా ముందే తుది జట్లు ప్రకటిస్తారు. కాగితం మీద మైదానం గీసి పదకొండు పేర్లూ ఎవరి చోట వాళ్లను రాయండి. ఫోన్‌లో తయారుగా వచ్చే బొమ్మ ఉంటుంది కదా అంటారేమో. చేత్తో రాస్తే ఎక్కడ ఎవరు తగ్గారో మనసుకి పడుతుంది.

2021లో పోర్టో నగరంలో మాంచెస్టర్ సిటీ, చెల్సీ ఆడిన ఫైనల్‌కి ఈ పని చేసినవాళ్లకు మ్యాచ్‌కి ముందే చిన్న టెన్షన్ మొదలై ఉంటుంది. మాంచెస్టర్ సిటీ జాబితాలో డిఫెన్స్‌కి ముందు కాపలా కాసే ఆటగాడు లేడు. ఆ సీజన్‌లో దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ రోద్రి గానీ ఫెర్నాండిన్యో గానీ ఆ పని చేశారు. ఫైనల్‌కి సిటీ కోచ్ గార్డియోలా ఇద్దరినీ పక్కనపెట్టి, దాడి బాగా తెలిసిన గుండోవాన్‌ని అక్కడ పెట్టాడు. 42వ నిమిషంలో చెల్సీ గోల్ సరిగ్గా ఆ నడిమి దారిలోనే వచ్చింది. మేసన్ మౌంట్ ఎడమ పక్క నుంచి మధ్యలోకి లోతైన పాస్ ఇచ్చాడు, కై హావెర్ట్జ్ గోల్‌కీపర్‌ని దాటి కొట్టాడు.

ఆ గోల్‌ని మళ్లీ చూడండి, ఈసారి టిమో వెర్నర్‌నే చూడండి. బంతి అతని దగ్గరికి రానే రాదు. కానీ అతను ఎడమ వైపుకి దూసుకెళ్లడంతో సిటీ సెంటర్ డిఫెండర్ రూబెన్ డియాస్ అతని వెంట జరిగాడు. డియాస్ వదిలిన ఖాళీలోకే హావెర్ట్జ్ పరిగెత్తాడు. స్కోరుబోర్డు మీద హావెర్ట్జ్ పేరు, పాస్ ఖాతాలో మౌంట్ పేరు. వెర్నర్ పేరు ఎక్కడా లేదు. నేను ఎవరికైనా ఫుట్‌బాల్ చూడటం నేర్పాల్సి వస్తే మొదట ఈ గోలే చూపిస్తాను.

4. మొదటి పావుగంట: గోల్స్ కోసం కాదు, స్థానాల కోసం

మొదటి పదిహేను నిమిషాలూ స్కోరు సంగతి మర్చిపోండి. మూడు చోట్ల చూడండి.

ఒకటి, గోల్ కిక్, అంటే బంతి గోల్ గీత దాటి బయటికి పోయాక గోల్‌కీపర్ తన గోల్ ముందు నుంచి తన్నేది. ఫుట్‌బాల్ మొత్తంలో మనకు తీరిగ్గా దొరికే క్షణం ఇదే. బంతి ఆగి ఉంటుంది, కెమెరా దూరం నుంచి చూపిస్తుంది. అవతలి జట్టు ఫార్వర్డ్‌లు ఎక్కడ నిలబడ్డారు? పెనాల్టీ బాక్స్ అంచున కాచుకున్నారంటే ప్రెస్సింగ్‌కి, అంటే బంతి ఉన్నవాడి మీదికి వెంటనే ఉరికి లాక్కోవడానికి, వచ్చారని అర్థం. నడి మైదానం దాకా వెనక్కి వెళ్లారంటే "మీరు రండి, మేం ఆపుతాం" అంటున్నారని.

2025 మ్యూనిక్ ఫైనల్ ఇందుకు మంచి పాఠం. ఇంటర్ మిలాన్ గోల్‌కీపర్ యాన్ సోమర్ గోల్ కిక్‌కి సిద్ధమైన ప్రతిసారీ పారిస్ సెయింట్ జర్మేన్ ఆటగాడు ఉస్మాన్ డెంబెలే బాక్స్ అంచున కాస్త వంగి, పరుగు పందెంలో గీత దగ్గర నిలబడ్డవాడిలా, సోమర్ కళ్లలోకే చూస్తూ ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో డెంబెలే ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా కోచ్ లూయిస్ ఎన్రికె మ్యాచ్ అయ్యాక, ప్రెస్సింగ్ చూసే ఇతనికి బాలన్ డి'ఓర్ (ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) ఇస్తానన్నాడు. కొన్ని నెలల తర్వాత నిజంగానే ఆ అవార్డు డెంబెలేకి వచ్చింది.

ప్రెస్సింగ్ అర్థం కావాలంటే కబడ్డీలో చెయ్యీ చెయ్యీ కలిపి గొలుసు కట్టి రైడర్ మీదికి కదలడం గుర్తు తెచ్చుకోండి. గొలుసు మొత్తం ఒకేసారి కదలాలి. ఒకడు తొందరపడితే రైడర్ ఆ సందులోంచి తప్పించుకుంటాడు. ఇక్కడా అంతే. డెంబెలే ముందుకు ఉరికినప్పుడు వెనకున్నవాళ్లు కూడా అదే అడుగు వేశారా లేదా అన్నదే చూడాలి.

రెండు, ఫుల్‌బ్యాక్‌లు, అంటే డిఫెన్స్‌లో రెండు చివర్లా ఉండేవాళ్లు. వాళ్లు ఎంత ముందుకు వెళ్తున్నారు? ఆ ఫైనల్లో పారిస్ మొదటి గోల్ కొట్టింది కుడి ఫుల్‌బ్యాక్ అష్రఫ్ హకీమీ. 12వ నిమిషంలో, ప్రత్యర్థి గోల్ ముంగిట, స్ట్రైకర్ ఉండాల్సిన చోట! వితీన్యా డిఫెన్స్‌ని చీల్చే పాస్ ఇచ్చాడు, దెజిరే దూయే దాన్ని అడ్డంగా వేశాడు, హకీమీ ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. అంతకుముందు ఇంటర్‌కి ఆడినవాడు కాబట్టి సంబరం చేసుకోలేదు, చేతులు జోడించినంత పని చేశాడు.

మూడు, ఒక్క ఆటగాడు. ఇది కాస్త కష్టం, కానీ ఫలితం ఎక్కువ. డిఫెన్స్‌కి ముందుండే మిడ్‌ఫీల్డర్‌ని ఎంచుకుని ఐదు నిమిషాలు అతన్నే చూడండి. బంతి ఎటు పోయినా సరే. బంతి రాకముందు అతను తల తిప్పి భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూస్తాడో గమనించండి. బాగా ఆడేవాళ్లు ఊరికే చూస్తూనే ఉంటారు. మామూలువాళ్లు బంతి అందాక చూస్తారు, అప్పటికి ఎవడో మీద పడి ఉంటాడు.

అదే మ్యాచ్ రెండో గోల్‌తో ఈ మెట్టు ముగిద్దాం. 20వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు నికోలో బారెల్లా బంతిని గీత దాటించి కార్నర్ సంపాదిద్దామని కాపు కాశాడు. విలియన్ పాచో ఒళ్లు అడ్డుపెట్టి బంతి లాక్కున్నాడు. అక్కడి నుంచి మైదానం ఆ కొస నుంచి ఈ కొసకి క్షణాల్లో వచ్చేసి, డెంబెలే పాస్‌తో దూయే కొట్టాడు, బంతి డిమార్కోకి తగిలి లోపలికి వెళ్లింది. చివరికి 5-0. ఫైనల్స్ చరిత్రలో ఇంత తేడాతో గెలిచినవాళ్లు లేరు. తేడా పుట్టింది మాత్రం కార్నర్ జెండా దగ్గర, ఒక్క డిఫెండర్ పట్టు వల్ల.

5. హాఫ్‌టైమ్: టీ పెట్టుకోండి, కానీ కాగితం మర్చిపోవద్దు

విరామంలో ప్రకటనలు, నిపుణుల కబుర్లు వదిలేయండి. మీ కాగితం మీద ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఓడుతున్న జట్టుకి ఎక్కడ నొప్పి? రెండో సగం మొదలవగానే ఆ చోట ఏం మారిందో చూడండి.

దీనికి 2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్‌ని మించింది లేదు. మిలాన్ వైపు కఫూ, నెస్టా, మాల్దీని, పిర్లో, కకా, షెవ్‌చెంకో. లివర్‌పూల్ ఆ సీజన్ ఇంగ్లిష్ లీగ్‌లో ఐదో స్థానంలో ముగించిన జట్టు. మొదటి నిమిషంలోనే పిర్లో ఫ్రీకిక్‌కి మాల్దీని గోల్. ఆ తర్వాత 39, 44 నిమిషాల్లో క్రెస్పో. హాఫ్‌టైమ్‌కి 3-0.

ఆ మూడో గోల్ దగ్గర ఆపండి. నడి మైదానంలో బంతి అందుకున్న కకా ఒక్క మలుపుతో స్టీవెన్ జెరార్డ్‌ని వెనక వదిలేసి, డిఫెన్స్ మొత్తాన్ని కోస్తూ పొడుగాటి పాస్ ఇచ్చాడు. క్రెస్పో దాన్ని గోల్‌కీపర్ డూడెక్ మీదుగా మెత్తగా లేపాడు. ఎంత అందమైన గోలో అంత స్పష్టమైన రోగ నిర్ధారణ కూడా. లివర్‌పూల్ మధ్యలో అలోన్సో, జెరార్డ్ ఇద్దరే. కకాని పట్టుకునే పని ఎవరిదో ఎవరికీ తెలియదు.

కోచ్ రఫా బెనిటెజ్ చేసిన మందు ఏమిటి? రైట్ బ్యాక్ స్టీవ్ ఫినన్‌కి గాయం ఉండటంతో అతన్ని తీసేసి, మిడ్‌ఫీల్డ్‌లోకి డిట్మార్ హామన్‌ని దించాడు. వెనక నలుగురి బదులు ముగ్గురు. హామన్ మెరుపులు మెరిపించే రకం కాదు. కకా వచ్చే దారిలో నిలబడటమే అతని ఉద్యోగం. అతను నిలబడ్డాడు కాబట్టి జెరార్డ్ స్వేచ్ఛగా ముందుకు వెళ్లాడు. 54వ నిమిషంలో రీసా క్రాస్‌కి జెరార్డ్ తలతో గోల్. 56లో ష్మీట్సర్ దూరం నుంచి. 60లో పరుగు తీస్తున్న జెరార్డ్‌ని గట్టూసో పడేస్తే పెనాల్టీ. అలోన్సో కొట్టింది మిలాన్ గోల్‌కీపర్ డీడా ఆపాడు, తిరిగొచ్చిన బంతిని అలోన్సోనే లోపలికి కొట్టాడు. ఆరు నిమిషాల్లో 3-3.

దీన్ని చాలామంది అద్భుతం అంటారు, గుండె ధైర్యం అంటారు. ధైర్యం ఉంది, కాదనను. కానీ మొదటి సగంలోనూ అదే ధైర్యం ఉంది, 3-0తో వెనకబడ్డారు. మారింది ఒక మనిషి, ఒక స్థానం.

ఇక్కడితో ఆపేసి హైలైట్స్‌తో సరిపెట్టుకునేవాళ్లు అసలు రుచి పోగొట్టుకుంటారు. 86వ నిమిషంలో మిలాన్ ఎడమ పక్కన వేగంగా పరిగెత్తే సెర్జీన్యోని దించింది. అతనికి అడ్డంగా ఎవరు వెళ్లారో చూడండి. జెరార్డ్! జట్టు కెప్టెన్, అప్పటిదాకా దాడికి నాయకుడు, మిగతా మ్యాచ్ అంతా కుడి డిఫెండర్‌గా ఆడాడు. ఒకే ఫైనల్లో ఒకే ఆటగాడు మూడు ఉద్యోగాలు చేశాడు.

6. చివరి పావుగంట: కార్నర్ వస్తే ఫోన్ కింద పెట్టండి

ఈ మెట్టుకి ఒకే సూత్రం. ఫైనల్ చివర్లో కాళ్లు అలిసిపోతాయి, పాసులు గతి తప్పుతాయి, కార్నర్ మాత్రం మొదటి నిమిషంలో ఎంత బాగుంటుందో చివర్లోనూ అంతే బాగుంటుంది, ఎందుకంటే బంతి ఆగి ఉంటుంది.

1999, బార్సిలోనా నగరం: బయర్న్ మ్యూనిక్ 1-0 ఆధిక్యంలో ఉండగా 90 నిమిషాలు దాటాక కలిపే ఇంజూరీ టైమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్, రెండూ డేవిడ్ బెకమ్ కార్నర్ల నుంచే. మొదటిదానికి ముందు బయర్న్ ఆటగాడు టోర్స్టెన్ ఫింక్ బంతిని సరిగా బయటికి తన్నలేకపోయాడు. అతను 80వ నిమిషంలో ఎవరి స్థానంలో వచ్చాడో తెలుసా? అప్పటిదాకా బయర్న్ డిఫెన్స్‌ని నడిపించిన లోథార్ మాథయస్ స్థానంలో. 2012 మ్యూనిక్: బయర్న్‌కి 20 కార్నర్లు, చెల్సీకి ఒక్కటి. 88వ నిమిషంలో వచ్చిన ఆ ఒక్కదాన్నే ద్రోగ్బా తలతో గోల్ చేశాడు. 2014 లిస్బన్: 90+3వ నిమిషంలో (ఇంజూరీ టైమ్ మూడో నిమిషం) రియల్ మాడ్రిడ్ ఆటగాడు మోడ్రిచ్ కార్నర్, అదే జట్టు సెర్జియో రామోస్ తల. అట్లెటికో అభిమానులకి ఆ నిమిషం ఈ రోజుకీ గుండెల్లో గుచ్చుకుంటుంది. 2024 వెంబ్లీ: మొదటి సగమంతా డార్ట్‌మండ్ అవకాశాలు పాడుచేసుకుంది, 74వ నిమిషంలో టోనీ క్రూస్ కార్నర్‌కి రియల్ ఆటగాళ్లలో పొట్టివాళ్లలో ఒకడైన డానీ కార్వహాల్ ఎగిరి కొట్టాడు.

కార్నర్ అప్పుడు బంతి పెట్టేవాడిని చూడకండి. గోల్ దగ్గరి పోస్టు వైపు ఎవరు కదులుతున్నారో చూడండి. కార్వహాల్ గోల్ అలాంటిదే. పొడుగాటివాళ్లందరికీ కాపలా పెట్టారు, ఇతన్ని మాత్రం తేలిగ్గా తీసుకున్నారు.

7. ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్

90 నిమిషాలకి సమానమైతే 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు. అప్పటికీ తేలకపోతే ఐదేసి పెనాల్టీలు. ఇప్పుడు 90 నిమిషాల్లో ఐదు సబ్‌స్టిట్యూట్‌లు వాడొచ్చు, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకొకటి. 2005లో మొత్తం మూడే. అందుకే ఇస్తాంబుల్‌లో చివరికి లివర్‌పూల్ డిఫెండర్ కారగర్ కండరాలు పట్టేసి నేల మీద దొర్లుతూనే క్రాస్‌లు అడ్డుకోవాల్సి వచ్చింది.

షూటౌట్‌ని లాటరీ అనేవాళ్ల మాట నమ్మకండి. 2012లో చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ బయర్న్ ఆటగాళ్ల గత కొన్నేళ్ల పెనాల్టీలన్నీ వీడియోలో చూసి వచ్చాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో తన పాత సహచరుడు రాబెన్ కొట్టింది ఆపాడు. షూటౌట్‌లో ఐదింటికీ సరైన వైపే దూకాడు, రెండు తప్పాయి. బయర్న్ మూడో కిక్‌కి గోల్‌కీపర్ నోయర్ నడిచి వచ్చాడు. గోల్‌కీపర్ అంత ముందు వచ్చాడంటే కొట్టడానికి ముందుకొచ్చినవాళ్లు తక్కువయ్యారేమో అని అనుమానించాల్సిందే. ఎవరు వస్తున్నారన్నదే కాదు, నడి గీత దగ్గర ఎవరు తల దించుకుని నిలబడ్డారన్నది కూడా చూడండి.

ఇక 1986 సెవిల్‌లో స్టెవా బుకారెస్ట్ గోల్‌కీపర్ హెల్ముత్ డుకడామ్ బార్సిలోనా కొట్టిన నాలుగు పెనాల్టీలనూ ఆపేశాడు. నాలుగుకి నాలుగు! దానికి సూత్రం ఏమీ లేదు, ఒక్కసారి చూసి తీరాలి.

8. ఏ టైముకి, ఎక్కడ?

చాలా ఏళ్లు ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక 12:30కి మొదలయ్యేది. షూటౌట్ దాకా వెళ్తే తెల్లవారుజామున మూడున్నరకు కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. 2026 నుంచి యూరప్ సమయం సాయంత్రం 6 గంటలకు మార్చారు, అంటే మనకు రాత్రి 9:30. భోంచేసి కూర్చోవచ్చు, ఇంట్లోవాళ్లు తిట్టే టైము కూడా కాదు. ఫైనల్ ఇప్పుడు శనివారం కాబట్టి మర్నాడు ఆఫీసు బెంగ లేదు. ఈ మధ్య ఏళ్లలో మన దేశంలో సోనీ స్పోర్ట్స్ ఛానెళ్లలో, సోనీలివ్‌లో వస్తోంది. వీలైతే ఫోన్‌లో చూడకండి. చిన్న తెర మీద బంతి తప్ప ఇంకేమీ కనిపించదు, అప్పుడు ఇప్పటిదాకా చెప్పిందంతా దండగ.

9. అసలు ఫైనల్‌కి ముందు సాధన

ఫలితం తెలిసిన మ్యాచ్‌తోనే మొదలుపెట్టాలి. టెన్షన్ ఉండదు, కళ్లు ఖాళీగా ఉంటాయి. హైలైట్స్ కాదు, పూర్తి మ్యాచ్. ముందు 2021, మొదటి సగం చాలు, వెర్నర్ పరుగులు లెక్కపెట్టండి. తర్వాత 2025 మొదటి ఇరవై నిమిషాలు, ప్రతి గోల్ కిక్ దగ్గరా ఆపి డెంబెలే ఎక్కడున్నాడో కాగితం మీద చుక్క పెట్టండి. చివర్లో 2005 మొత్తం, 120 నిమిషాలూ. హాఫ్‌టైమ్ దగ్గర ఆపేయండి, బెనిటెజ్ స్థానంలో మీరుంటే ఎవరిని తీసి ఎవరిని దించేవారో రాసి పెట్టుకుని, అప్పుడు రెండో సగం మొదలుపెట్టండి.